నేరేడు వగరు, వక్క వగరు

మా వైపు "వైన్" అనే మాట సీసాలో కన్నా బోర్డు మీదే ఎక్కువ కనిపిస్తుంది. ముమ్మిడివరం నుంచి అమలాపురం వెళ్తుంటే దారిలో ఎన్ని కొట్ల మీద "వైన్స్" అని చూశానో లెక్కలేదు. లోపలికెళ్ళి నిజంగా వైన్ అడిగితే కుర్రాడు ఓసారి మొహంలోకి చూసి, పై అరలోంచి దుమ్ముపట్టిన సీసా ఒకటో రెండో దించుతాడు. అక్కడ రోజూ అమ్ముడుపోయేది బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. అందుకే "నెలకో ఆదివారం వైన్ రుచి చూడ్డానికి యానాం వెళ్తున్నాను పెద్దమ్మా" అని నేను చెప్పగానే, మా పెద్దమ్మ చేతిలో చాట పక్కన పెట్టి "నువ్వు కూడానా తల్లీ" అంది. ఆ "కూడా"లో మా నాన్న ఉన్నారు. ఆయన సంగతికి తర్వాత వస్తాను.

మేం పన్నెండుమందిమి. కాకినాడ నుంచి నలుగురు, రామచంద్రపురం నుంచి ఇద్దరు, మిగిలినవాళ్ళం కోనసీమ. మా కూటానికి పేరూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. ఒక డాక్టరుగారు, కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మాస్టారు, రొయ్యల చెరువులు చేసే అన్నదమ్ములు, బ్యాంకు ఉద్యోగం చేసే నేను, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్న కుర్రాడు, ఇలా తలో రకం. కలిసేది యానాంలో డాక్టరుగారి పాత మేడ మీద. కిటికీ తీస్తే గౌతమి, గోదావరి పాయ. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు కదా, అందుకే అక్కడ పెట్టుకున్నారేమో అనుకుంటారు చాలామంది. అసలు కారణం వేరు. సీసాలు అక్కడే కొంటాం, అక్కడే తెరుస్తాం, అక్కడే పూర్తిచేస్తాం. పుదుచ్చేరి సరిహద్దు దాటించే పని పెట్టుకోం. తిరిగి ఇళ్ళకి దింపడానికి వ్యాను, డ్రైవరు సిద్ధంగా ఉంటారు.

నాకు మాత్రం ఆ చోటు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. మేం ఎక్కువగా తెరిచేవి నాసిక్ సీసాలు. నాసిక్ గోదావరి ఒడ్డు ఊరు. త్ర్యంబకంలో బ్రహ్మగిరి మీద పుట్టిన నదికి నాసిక్ దాటకముందే గంగాపూర్ దగ్గర ఆనకట్ట ఉంది. ఆ జలాశయం దాపునే సూలా అనే వైన్ కంపెనీవాళ్ళు ద్రాక్ష వేసి, 2000లో మొదటి వైన్ తెచ్చారు. మా దాళ్వా చేలు, అంటే రెండో పంట చేలు, పచ్చగా ఉండే జనవరి నుంచి మార్చి దాకా అక్కడ ద్రాక్ష కోతలు. అదే నది 1,465 కిలోమీటర్లు నడిచి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి, ఇదిగో ఈ కిటికీ కిందకి గౌతమిగా వస్తుంది. గ్లాసులో నది మొదలు, కిటికీలో నది చివర. ఆ సంగతి తలుచుకోకుండా నేను ఒక్కసారీ గ్లాసు ఎత్తలేదు.

కూర్చునే పద్ధతి చెప్తాను. ఆరోజు ఎవరూ సెంటు పూసుకురాకూడదు. ఆడవాళ్ళం తల్లో మల్లెపూలు ఉంటే తీసి కింద గదిలో పెట్టి రావాలి. మల్లెల పక్కన ఏ వైన్ వాసనా నిలవదు. కిళ్ళీ వేసుకోకూడదు. బల్ల మీద తెల్లగుడ్డ, మంచినీళ్ళు, ఉప్పులేని బ్రెడ్డు ముక్కలు. రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ గది ఐరోపా గది, పదహారు పద్దెనిమిది డిగ్రీలు. మాకు మే నెలలో రాత్రి కూడా అంతకన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఎరుపైనా తెలుపైనా ఐసు తొట్టిలో దిగాల్సిందే. తెలుపు ఎక్కువసేపు, ఎరుపు కాసేపు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది బల్ల మధ్య ఉండే ఇత్తడి తమ్మపడిగ. డాక్టరుగారి నాయనమ్మది. ఆవిడ తాంబూలం ఉమ్మిన పాత్రలోనే ఇప్పుడు మేం వైన్ ఉమ్ముతున్నాం. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్ళొస్తే ముందు దాన్నే చూపిస్తాను.

మొదటి ఏడాది మా చేతికి ఒక కార్డు ఇచ్చేవారు. ఇంగ్లీషులో అచ్చేసినది. బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ, సీడర్, వయొలెట్, ప్లమ్. ఏది తగిలితే దాని ఎదురుగా టిక్కు పెట్టాలి. నేను బ్లాక్‌కరెంట్‌కి చాలాసార్లు టిక్కు పెట్టాను. ఆ పండు నేను ఎప్పుడూ చూడలేదు. ఐస్‌క్రీమ్‌లో తప్ప దాని పేరే వినలేదు. పక్కాయన పెడుతున్నాడు, సీసా వెనక రాసి ఉంది, నేనూ పెట్టాను. అది అబద్ధమని అప్పుడు తోచలేదు.

తోచేలా చేసింది ఒక చెడిపోయిన సీసా. ఆ వేసవిలో ఒక కొట్లో కొన్నాం. అద్దాల బీరువాలో నిలువుగా, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేచోట ఎన్ని నెలలు నిలబడిందో. తెరిచేటప్పుడే బిరడా కొంచెం పైకి తన్నుకొచ్చి ఉంది, రేకు కింద జిగురు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే నాకు తగిలింది బెల్లప్పాకం అడుగంటిన వాసన. అరిసెల పాకం పొయ్యి మీద పెట్టి మర్చిపోతే ఇల్లంతా వచ్చే వాసన ఎవరికి తెలియదు? కానీ కార్డులో ఆ మాట లేదు. "పండిన పళ్ళు, జామ్" అని ఉంది. దానికి టిక్కు పెట్టేశాను. బల్ల చుట్టూ అందరం అదే పెట్టాం. పేరున్న సీసా, ఖరీదైన సీసా. "చాలా రిచ్‌గా ఉంది" అన్నారొకరు. నేను తల ఊపాను.

మరుసటి నెల మాస్టారు అదే పేరు, అదే ఏడాది సీసా యానాంలోనే చల్లగా దాచిన ఇంకో కొట్లో కొని, పేరు కనపడకుండా కాగితం చుట్టి తెచ్చారు. అది తెరిస్తే నేరేడుపండు. నాలుక మీద జివ్వుమనే పులుపు. రెండూ ఒకటేనని ఆయన కాగితం విప్పి చూపించాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. పోయిన నెల మేం మెచ్చుకున్నది ఉడికిపోయిన వైన్‌ని. అడుగంటిన పాకం అని నా ముక్కు నాకు చెప్పింది, నేనే దాని నోరు నొక్కేశాను.

ఆరోజే మాస్టారు ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరీక్ష గురించి చెప్పారు. 2001లో అచ్చయింది. వైన్ చదువు చదువుతున్న 54 మందికి ఒక తెల్ల వైన్, అదే వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇంకొకటి ఇచ్చారట. రంగు కలిపినదాన్ని వాళ్ళు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. ఆ సంగతి చెప్పి, వైన్ రుచి అంతా బూటకమని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నాకు మాత్రం అందులో కనిపించింది మాటకున్న బలం. ముందు మాట వచ్చి కూర్చుంటే నాలుక దాని వెనకే నడుస్తుంది. మరి ఆ మాట మనం ఎప్పుడూ ముట్టుకోని వస్తువుదైతే, నాలుక ఎటు నడుస్తుంది?

అప్పటినుంచి నా వాదన ఒకటే, మా కూటంలో నెలనెలా చెప్తున్నదే ఇక్కడా చెప్తున్నాను. మన గడ్డ మీద రుచి చూస్తే మన మాటల్లోనే చూడాలి. భాష మీద అభిమానంతో అనడం లేదు. అలా చూడకపోతే అసలు రుచి చూసినట్టే కాదు గనక అంటున్నాను.

కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆన్ నోబుల్ 1980లలో వైన్ వాసనలకి ఒక చక్రం గీశారు. మా ఇంగ్లీషు కార్డులాంటివన్నీ చాలావరకు దాని సంతానమే. కానీ ఆవిడ చెప్పిన సగం మాటే మనదాకా వచ్చింది. చక్రంలో ఉన్న ప్రతి వాసనకీ అసలు వస్తువు తెచ్చి, మామూలు వైన్‌లో కొంచెం కలిపి, గ్లాసులో పెట్టి ముక్కుకి చూపించమన్నారు ఆవిడ. బట్టీ పట్టమనలేదు. అక్కడివాళ్ళు అక్కడి బజారులో దొరికేవి పెట్టుకున్నారు. మనం మన బజారుకి వెళ్ళాలి కదా.

వెళ్ళాం. ఏడు గ్లాసులు, ఏడింటి మీదా సాసర్లు మూత. దోర జామకాయ ముక్కలు. మొగలి రేకు. తాటిబెల్లం. దంచిన మిరియాలు. వక్క. నేరేడుపళ్ళు. మెట్ట నుంచి, జంగారెడ్డిగూడెం వైపు బ్యారన్ కొట్టంలో వేడికి ఆరబెట్టిన పొగాకు, రెండు ఆకులు. ఒక్కో సాసరు తీసి వాసన చూసి, పక్కన వైన్ చూసి, మళ్ళీ ఇటు. ఆరోజు ఆ గదిలో నేను చూసిన ఉత్సాహం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. రొయ్యల చెరువుల తమ్ముడు, ఏడాదిగా ఒక్క ముక్క మాట్లాడని మనిషి, తెల్ల వైన్ ఎత్తగానే "జామకాయండీ ఇది, ఆయ్, పండు కాదు, దోర కాయ" అన్నాడు. అది సావిన్యో బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష వైన్. మాస్టారు నవ్వి, ఆ ద్రాక్షలో పులిసేటప్పుడు విడుదలయ్యే ఒక గంధకపు పదార్థం జామలోనూ ఉంటుందని చెప్పారు. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల వాసనకీ అలాంటి కథే. రోటన్‌డోన్ అనే పదార్థం వల్ల అని ఆస్ట్రేలియావాళ్ళు 2008లో తేల్చారు, అదే మిరియాల్లోనూ ఉంది. అంటే మేం పోలికలు అల్లడం లేదు, ఉన్నదాన్నే పట్టుకుంటున్నాం.

కొబ్బరి దగ్గర ఇంకా బాగా తేలింది. అమెరికా ఓక్ పీపాల్లో పెట్టిన వైన్‌కి కొబ్బరి వాసన వస్తుంది, పుస్తకాల్లో అది "కోకోనట్" అని ఒక్క మాటతో సరి. కోనసీమ వాళ్ళ ముందు ఆ మాట పెట్టి ఊరుకోమంటే ఊరుకుంటారా? లేత కొబ్బరా, ముదురుదా, కురిడీయా, గానుగలోంచి అప్పుడే దిగిన నూనెనా, నెల దాటి మక్కిన నూనెనా? పావుగంట వాదించుకుని కురిడీ దగ్గర ఆగాం. కాయలోనే నీళ్ళు ఇంకిపోయి, చిప్పలో గుండ్రంగా కదిలే ఆ ఎండు కొబ్బరి తీపి వాసన. ఆ వైన్ ఇవాళ ఎవరు కళ్ళకి గంత కట్టి ఇచ్చినా నేను పట్టుకోగలను. "కోకోనట్" అని రాసుకుని ఉంటే పట్టుకోలేను.

ఇక వగరు. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఎర్ర వైన్‌కి ప్రాణం అందులోనే ఉంది. ద్రాక్షతొక్కలోంచీ గింజలోంచీ పీపా చెక్కలోంచీ దిగే టానిన్లు మన లాలాజలంలోని మాంసకృత్తుల్ని పట్టేసుకుంటాయి, నోటిలో జారుడు పోయి నాలుక గరుకెక్కుతుంది. వైన్ చదువులో ఇది రుచి కింద రాదు, స్పర్శ కింద వస్తుంది. మనకి ఉగాదినాటి ఆరు రుచుల్లో ఒకటి. మామిడి పిందె వగరు తెలియకుండా మన ఇళ్ళల్లో ఒక్క పిల్లాడూ పెరగడు. పైగా మనకి వగరు ఒకటి కాదు. నేరేడు వగరు నాలుక మీదే ఆడుతుంది, తీపిని పక్కన పెట్టుకుని వస్తుంది, నీళ్ళు తాగితే పోతుంది. వక్క వగరు చెంపల లోపల పట్టి మెల్లగా బిగుస్తుంది, తర్వాత నోట్లో ఏదో మిగిలినట్టే ఉంటుంది, అది హాయిగానే ఉంటుంది. పచ్చి అరటికాయ వగరు జిగురుగా పళ్ళకి అంటుకుంటుంది. జీడిమామిడి పండు వగరైతే గొంతు దాకా పోయి దగ్గు తెప్పిస్తుంది. కరక్కాయది చివర చేదుతో దిగుతుంది. ఇంగ్లీషు కార్డులో దీనికి "తక్కువ, మధ్యస్థం, ఎక్కువ" అని మూడు గళ్ళున్నాయి. అదేమిటి, కొలతా? నాకు కావలసింది ఎంత అని కాదు, ఏ వగరు అని. నాసిక్ కాబెర్నే, అదీ ఒక ఎర్ర వైనే, లేతగా ఉన్నప్పుడు జీడిమామిడి. నాలుగైదేళ్ళు నిలవున్నాక, బాగా చేసినదైతే, వక్క. ఈ మార్పుని మూడు గళ్ళ కార్డు చూపించలేదు.

మా బెంగళూరు కుర్రాడు దీనికి ఒప్పుకోలేదు. "అక్కా, మనం కురిడీ అని రాస్తే నాసిక్‌లో ఎవరికి అర్థమవుతుంది? అందరికీ ఒక మాట ఉండాలి కదా" అంటాడు. అతని మాటలో న్యాయం ఉంది. వ్యాపారం చేసేవాళ్ళకీ పరీక్షలు రాసేవాళ్ళకీ ఉమ్మడి మాటలు కావాలి. అతను ఆ పరీక్షలకి చదువుతున్నాడు, చదవాలి కూడా. కానీ ముందు తనకి తగిలినది తనకి తెలిసిన మాటలో పట్టుకుని, ఆ తర్వాత పక్కన ఇంగ్లీషు మాట రాసుకోమంటాను. వరస తిరగేస్తే మొదటిది పుట్టదు. మా కార్డులో ఇప్పుడు ఎడమవైపు తెలుగు, కుడివైపు ఖాళీ.

ఇప్పుడు పెద్దమ్మ మాటకి వస్తాను. "తాగడానికి ఇదో సాకు కాదూ?" అని అడిగేవాళ్ళందరి మాటా అదే.

మా తాతయ్య, అమ్మ నాన్నగారు, కల్లు పుచ్చుకునేవారు. పొద్దున్నే, ఎండెక్కకముందు, ఒక్క ముంత. గీసే ఆయన దించి తెచ్చిన కల్లు నోట్లో పోసుకుని, కాసేపు ఉంచి, "ఇది చెరువుగట్టు పోతుతాడుది కదా" అనేవారు. "పండుతాడుది మొదలెట్టావా అప్పుడే" అనేవారు. కుండ సరిగ్గా కడగకపోతే చెప్పేవారు. ఏడింటికి తియ్యగా ఉన్నది పదింటికి ఎలా చురుక్కుమంటుందో, మధ్యాహ్నానికి ఎలా పులిసిపోతుందో మాకు చెప్పేవారు. ఆయన తూలడం మేమెవరం చూడలేదు.

నాన్న సారా తాగేవారు. గ్లాసు ఎత్తి, ఊపిరి బిగబట్టి, ఒక్క గుటకలో దించి, మొహం చిట్లించి, ఉప్పుకల్లో ఆవకాయ బద్దో నాలిక మీద వేసుకునేవారు. చిన్నతనంలో ఒకసారి అడిగాను, "ఎలా ఉంటుంది నాన్నా రుచి?" అని. "రుచేంటే, మంట" అన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా ఆగింది. 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చింది. మా అమ్మ ఆ సంక్రాంతికి గుమ్మానికి రెండు వరసల తోరణాలు కట్టింది. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ నిషేధం లేదు. నాన్న ఎదుర్లంక రేవులో పంటు, అంటే నది దాటించే పెద్ద పడవ, ఎక్కి అవతలికి వెళ్ళేవారు. చీకటి పడ్డాక రాకపోతే అమ్మ నన్ను వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళేది. పంటు కట్టే మోకు పట్టుకుని నిలబడి అవతలి ఒడ్డున దీపాలు చూస్తూ ఉండేదాన్ని. నిషేధం 1997లో ఎత్తేశారు. నాన్న ఆ తర్వాత ఎక్కువకాలం లేరు. ఇప్పుడు అక్కడ వంతెన ఉంది. నెలకో ఆదివారం నేను దాని మీదుగానే యానాం వెళ్తున్నాను.

తాతయ్యకీ నాన్నకీ మధ్య తేడా ఏమిటని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. కల్లుకీ సారాకీ ఉన్న ఘాటు తేడా ఉంది, నిజమే. డబ్బు, దిగులు, అప్పులు, అవన్నీ ఉన్నాయి. అయినా నాకు మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చేది ఒకటే. తాతయ్య దగ్గర మాట ఉంది. నోట్లో ఉన్నదాని గురించి ఏదో చెప్పేవారు. చెప్పాలంటే నిలపాలి, నిలిపితే గుటక వెయ్యలేరు. నాన్న నాలుకకి తెలియకుండా దించేవారు.

లెక్క కూడా చెప్తాను, బ్యాంకులో పనిచేసేదాన్ని కదా. ఒక్కొక్కరికి పోసేది 50 మిల్లీలీటర్లు. నాలుగు వైన్లు. అన్నీ మింగినా 200. పన్నెండున్నర శాతం లెక్కన అందులో ఆల్కహాలు 25 మిల్లీలీటర్లు. వైన్స్ కొట్లో క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అంటే 77. మాలో చాలామంది ఆ 25 కూడా మింగరు, తమ్మపడిగ అందుకే ఉంది. అయినా ఇది ఆరోగ్యానికి మంచిదని నేను అనను. ఏ మోతాదూ క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది, మా డాక్టరుగారు కొత్తవాళ్ళకి ఆ మాట చెప్పాకే గ్లాసు ఇస్తారు. తాగుడు మానినవాళ్ళెవరైనా వస్తామంటే మేం వద్దంటాం, ఎంత దగ్గరివాళ్ళైనా సరే. నాన్న బతికి ఉంటే ఆయన్నీ రానిచ్చేదాన్ని కాదు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

పోయిన కూటం జులైలో జరిగింది. గౌతమిలో ఎర్రనీరు దిగింది, పులసల మాటలు మొదలయ్యాయి. చింతపండు పులుసులో దాకలో మరిగిన పులసకి ఏ వైనూ నిలవదని నా అభిప్రాయం. అన్నదమ్ములు ఒప్పుకోవడం లేదు, వచ్చే నెల తెస్తామంటున్నారు, చూస్తాం. ఆరోజు మూడో గ్లాసు షిరాజ్. మిరియాలు వెంటనే తగిలాయి. దాని అడుగున ఇంకేదో ఉంది, తడిగా, పీచుగా, కొంచెం బురదగా. మూడుసార్లు గ్లాసు తిప్పి చూశాను. పెన్ను తీసి "పంటు మోకు" అని రాశాను.

మాస్టారు నా కార్డు చదివి, "ఇదేం వాసనమ్మా, మాకెవరికీ తెలియదే" అన్నారు.

"సఖినేటిపల్లి రేవులో ఇంకా పంటు నడుస్తోంది మాస్టారూ. పాత మోకు ముక్క అడిగి తెస్తాను."

ఆయన లేచి బీరువాలోంచి ఎనిమిదో గ్లాసు తీసి, సాసరు మూతవేసి, మిగతా ఏడింటి పక్కన పెట్టారు.